పసిపిల్లల మనసు చదవబోతున్న అమ్మడుకి

చిరంజీవి అమ్మడుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. పసిపిల్లల ఎదుగుదల, వాళ్ల మనస్తత్వం మీద చదువుకోవాలని నిర్ణయించుకున్నట్టు నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. చాలా సంతోషమైంది. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి, స్టాటిస్టిక్స్ రాకపోతే ఎలా అని టెన్షన్ పడుతున్నావు. పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం. ముందు నీకు ఒక పాప కావాలి.

తెలిసినవాళ్లింట్లో ఆరు నెలల లోపు బిడ్డ ఉంటే, తల్లిదండ్రుల్ని అడిగి, వారానికి ఒక అరగంట వెళ్లి కూర్చో. ఎత్తుకోకు, ఆడించకు, ఊరికే చూడు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన నిలువుగా ఒక గీత గియ్యి. ఎడమవైపు నువ్వు చూసింది, కుడివైపు నువ్వు అనుకున్నది రాయి. "పాపకి కోపమొచ్చి గిలక్కాయ విసిరేసింది" అని ఎడమవైపు రాయడానికి వీల్లేదు. "గిలక్కాయ పట్టుకుంది, చెయ్యి రెండుసార్లు ఆడించింది, వేళ్లు విచ్చుకున్నాయి, గిలక్కాయ కింద పడింది, పాప అటు చూడలేదు." ఎడమవైపు ఉండాల్సింది ఇంతే. ఇందులో కోపం ఎక్కడుందో వెతుకు. మొదటి నెలంతా కుడివైపు మాటలు ఎడమవైపుకి జారిపోతూనే ఉంటాయి. జారిన ప్రతిసారీ కొట్టేసి మళ్లీ రాయి.

ఈ చదువు పుట్టింది కూడా ఇలాంటి నోట్‌బుక్కుల్లోనే. 1839లో పుట్టిన తన పెద్దకొడుకు గురించి రాసిపెట్టుకున్న సంగతుల్ని డార్విన్ 1877లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. జీన్ పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త తన ముగ్గురు పిల్లల్ని చూస్తూ, రాస్తూ, మధ్యమధ్య బొమ్మల్ని గుడ్డ కింద దాచి ఏం చేస్తారో గమనిస్తూ తన సిద్ధాంతానికి పునాది వేసుకున్నాడు.

ఆ గీత గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నెలల పిల్ల తనకేం అనిపించిందో మనకి చెప్పదు. చూస్తుంది, చెయ్యి చాపుతుంది, పాలపీక చప్పరిస్తుంది, ఏడుస్తుంది. అంతవరకే పాప పని. దానికి అర్థం చెప్పేది మనం. ఈ రంగంలో జరిగిన పెద్ద తగవులన్నీ దాదాపు ఆ అర్థం దగ్గర మొదలైనవే.

పియాజేనే తీసుకో. సుమారు ఎనిమిది నెలల లోపు బిడ్డ చూస్తుండగా బొమ్మ మీద గుడ్డ కప్పితే, బిడ్డ దాన్ని వెతకదు. కంటికి కనబడని వస్తువు బిడ్డ లెక్కలో లేనట్టేనని ఆయన అన్నాడు. 1985లో రెనీ బైయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ, స్టాన్లీ వాసర్‌మన్ కలిసి అయిదు నెలల పిల్లల మీద వేరే పద్ధతి వాడారు. ఊహించనిది జరిగితే పిల్లలు ఎక్కువసేపు చూస్తారన్న లెక్కతో, చెయ్యి చాపమని కాకుండా, ఎంతసేపు చూస్తారో లెక్కపెట్టారు. ఒక పలక తలుపులా పైకి లేచి వెనక్కి వాలుతుంది, దాని వెనక ఒక పెట్టె ఉంది, పలక లేచాక ఆ పెట్టె పిల్లలకు కనబడదు. పెట్టెకు తగిలి పలక ఆగిపోతే పిల్లలు తక్కువసేపు చూశారు. పెట్టె అక్కడ లేనట్టు పలక పూర్తిగా వాలిపోతే ఎక్కువసేపు చూశారు. అంటే కనబడకపోయినా పెట్టె అక్కడే ఉందని వాళ్లకు తెలుసని పరిశోధకులు తేల్చారు. తర్వాత మరికొందరు వచ్చి, పలక ఎక్కువ దూరం కదిలింది కాబట్టి పిల్లలు ఎక్కువ చూసి ఉండొచ్చు కదా అని అడిగారు.

పిల్లలు చూసిన సెకన్ల గురించి ఇక్కడ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కుడివైపు రాతల మీదే. నువ్వు ఇలాంటివి చదివేటప్పుడు తొందరపడి ఏదో ఒక పక్షంలో చేరిపోకు. ఏ ప్రయోగం చేస్తే ఈ తగవు తీరుతుందో ఆలోచించు. నా మట్టుకు నాకు, పియాజే చిన్నపిల్లల్ని కాస్త తక్కువ అంచనా వేశాడనే అనిపిస్తుంది. కానీ చూపు ఒక్కదాని మీద అంత బరువు మోపడం కూడా నాకు నచ్చదు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన పరిశోధన ఎస్తర్ థీలెన్ అనే మనస్తత్వవేత్తది. పుట్టిన కొత్తల్లో బిడ్డని చంకల కింద పట్టుకుని నిలబెడితే నడుస్తున్నట్టు కాళ్లు ఎత్తి వేస్తుంది. రెండు నెలలు వచ్చేసరికి అది పోతుంది. మెదడు ఎదిగి ఆ పాత కదలికని అణిచేస్తుందని చాలాకాలం నమ్మారు, పాఠాల్లోనూ అదే చెప్పారు. థీలెన్ మాత్రం అదే పిల్లలు వెల్లకిలా పడుకున్నప్పుడు కాళ్లు ఎలా తన్నుతున్నారో చూసింది. నడిచినట్టు వేసే కదలికా, ఈ తన్నడమూ దాదాపు ఒకటే. మెదడు అణిచేస్తే పడుకున్నప్పుడు ఎందుకు అణచట్లేదు? ఆ నెలల్లో పిల్లల కాళ్లకు కొవ్వు పట్టి బరువెక్కుతాయి, బలం మాత్రం ఆ వేగంతో రాదు. ఆమె బృందం అడుగులు వేస్తున్న పిల్లల కాళ్లకు చిన్న బరువులు కట్టి చూసింది. అడుగులు తగ్గాయి. పిల్లల్ని నడుము దాకా నీళ్లలో ఉంచి చూసింది. అడుగులు పెరిగాయి. 1984లో అచ్చయిన ఆ పని చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందరూ బిడ్డ తలలో వెతుకుతున్న కారణం కాళ్లలో ఉంది. కాళ్లు ఎప్పుడూ మన కళ్ల ముందే ఉన్నాయి.

ల్యాబ్‌లో చేరాక నీకు కోడింగ్ పని ఇస్తారు. అంటే వీడియో చూస్తూ బిడ్డ చూపు ఎటుందో క్షణక్షణం గుర్తుపెట్టడం. విసుగనుకోకు, అదే అసలు చదువు. నేను చేరిన కొత్తల్లో ఏ వీడియోలో ఏ బొమ్మ చూపించారో తెలిసి కూడా కోడింగ్ చేశాను. నలభై మంది పిల్లల పని. సంగతి తెలియని ఇంకొకరు మళ్లీ చేస్తే, మేం కోరుకున్న తేడా సగానికి సగం తగ్గిపోయింది. నేను అబద్ధం రాయలేదు. అనుమానం వచ్చిన ప్రతిచోటా నా మనసు కోరుకున్న వైపు మొగ్గాను, అంతే. అందుకే ఏం చూపించారో నీకు తెలియకుండా కోడింగ్ చెయ్యి. బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లికి కూడా బొమ్మ కనబడకుండా చూడు. ఆమె ఒళ్లు కాస్త బిగుసుకున్నా బిడ్డకు తెలిసిపోతుంది.

పెద్ద పేరున్న ఫలితమైనా ఎంతమంది పిల్లల మీద చేశారో, ఏ వయసువాళ్లో ముందు చూడు. మోజార్ట్ సంగీతం వినిపిస్తే పసిపిల్లలకు తెలివి పెరుగుతుందని ఎంత ప్రచారం జరిగిందో నీకు తెలుసు. ఆ మాటకు మూలమైన 1993 నాటి ప్రయోగంలో ఉన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. ఆ ప్రభావం కూడా పావుగంటకు మించి నిలవలేదు. పుట్టిన కొద్దివారాలకే పిల్లలు మనం నాలుక చాపితే నాలుక చాపుతారని మెల్ట్‌జాఫ్, మూర్ అనే పరిశోధకులు 1977లో రాశారు. 2016లో 106 మంది పిల్లల్ని తొమ్మిది వారాల వయసు వరకు నాలుగుసార్లు పరీక్షించిన బృందానికి ఆ అనుకరణ కనబడలేదు. వాదన ఇంకా నడుస్తోంది. ఇలాంటి చిక్కులకు నాకు బాగా నచ్చిన దారి, ల్యాబులన్నీ కలిసి ఒకే ప్రయోగం చేయడం. మెనీబేబీస్ అనే ఉమ్మడి ప్రయత్నంలో 67 ల్యాబులు కలిసి, పిల్లలతో మనం ముద్దుగా సాగదీసి మాట్లాడే తీరు పిల్లలకు ఎక్కువ ఇష్టమా అని చూశాయి. 2020లో ఫలితం వచ్చింది. ఇష్టమే, కాకపోతే అంతకుముందు చిన్న ప్రయోగాలు చెప్పినంత కాదు.

స్టాటిస్టిక్స్ గురించి భయపడకు. నీ సొంత నోట్‌బుక్‌లోని అంకెలతో మొదలుపెడితే సూత్రాలు వాటంతట అవే అర్థమవుతాయి.

చదివేటప్పుడు మన భాష ఇచ్చిన వీలు కూడా వాడుకో. వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో చేసిన పనిలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట ధ్వనుల్ని వేరుగా పట్టుకున్నారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. ఆ తేడా పట్టుకోవడం ఇంగ్లీషు చెవికి ఎంత కష్టమో ఇంగ్లీషు పాఠకుడికి రెండు పేజీల్లో వివరించాలి. నీకు అక్కర్లేదు, రెండు ధ్వనులూ పైకి అని చూసుకుంటే చాలు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. నువ్వు ఈ చదువులో ఉన్నావని తెలియగానే తల్లులు నిన్ను అడుగుతారు: "మా బాబుకి పద్నాలుగో నెల, ఇంకా నడవట్లేదు, ఏమైనా లోపమా?" ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లల్ని చూసి 2006లో వేసిన లెక్కల్లో, పట్టు లేకుండా నడిచే వయసు సుమారు 8 నెలల నుంచి 17న్నర నెలల దాకా ఉంది. నూటికి నలుగురు అసలు దోగాడలేదు. ఆ మాట చెప్పు, వాళ్లకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ బాబు బాగున్నాడని గానీ, బాగాలేడని గానీ నువ్వు తేల్చకు. మన పరిశోధనలు గుంపు గురించి చెబుతాయి. ఒక బిడ్డ గురించి చెప్పాల్సింది ఆ బిడ్డని పరీక్షించిన పిల్లల డాక్టరు. తల్లికి అనుమానం గట్టిగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమను.

ప్రయోగం మధ్యలో బిడ్డ ఏడిస్తే ఆపెయ్యి. ఆ రోజు పని పోయినా సరే, ఎవరు ఏమన్నా సరే.

మొదటి నెల నోట్‌బుక్ నిండాక నాకు పంపించు. కుడివైపు రాసినవి ఒక కాగితంతో కప్పి పంపు. ఎడమవైపు మాత్రమే చదివి, ఆ పాప ఏం చేసిందో నాకు కనబడుతుందేమో చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ