వంగితే కాలివేళ్ళు అందడం లేదు, రోజూ గట్టిగా లాగితే వస్తుందా?

39 ఏళ్ళు, కంప్యూటర్ ముందు ఉద్యోగం, పొద్దున్న లేవగానే మోకాళ్ళు వంచకుండా కిందకి వంగుతున్నారు, వారం నుంచి మోకాలి వెనక నొప్పి. కొనసాగించాలా అని కదా అడిగారు? ముందు ఆ లేవగానే వంగడం ఆపేయండి.

మాది శ్రీకాకుళం. పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే రోజుల్లో నేనూ ఇదే చేశాను. ధనుర్మాసం చలి, తెల్లారి ఐదింటికి గ్రౌండుకి వెళ్ళి, ఒళ్ళు వేడెక్కకుండానే కాళ్ళు చాపి కూర్చున్నాను. తోటి కుర్రాడొకడు సాయం చేస్తానని వెనకనుంచి వీపు మీద బలంగా నొక్కాడు. తొడ వెనక చిటుక్కుమంది. నెలన్నర కుంటాను, ఆ ఏడాది పరుగూ పోయింది. వాడి తప్పేం లేదు, ఇంకా నొక్కరా అన్నది నేనే.

కండని ఒక్కసారిగా గుంజితే అది సాగదు, తనని కాపాడుకోడానికి ఇంకా బిగుసుకుంటుంది. ఊగుతూ వంగినా అంతే. అందుకే ఇప్పుడు సాయంత్రం 80 అడుగుల రోడ్డులో పావుగంట చురుగ్గా నడిచొచ్చాకే మొదలుపెడతాను.

వెల్లకిలా పడుకుని, ఒక పాదానికి తువ్వాలు తగిలించి, మోకాలు కాస్త వంచే ఉంచి కాలు పైకి లేపండి. తొడ వెనక మధ్యలో లాగుతున్నట్టు అనిపించిన చోట ఆగిపోవాలి. ఊపిరి బిగబట్టకుండా 30 సెకన్లు. ఒక్కో కాలికి రెండు మూడుసార్లు చాలు. లాగుడు మోకాలి వెనకే తెలుస్తుంటే మోకాలు ఇంకొంచెం వంచండి. కాలి కిందకి కరెంటు షాక్‌లా జిల్లుమన్నా, తిమ్మిరెక్కినా అది కండ గొడవ కాదు, నరం. అక్కడ ఆపి డాక్టరుకి చూపించాలి.

పిక్కలకి గోడ పట్టుకుని, మడమ నేలకి ఆన్చి ముందుకి వాలితే సరిపోతుంది. కూర్చునే ఉద్యోగం వాళ్ళు మర్చిపోయేది తుంటి ముందు భాగం. ఒక మోకాలు నేల మీద, రెండో పాదం ముందు పెట్టి, నడుం వెనక్కి విరవకుండా మెల్లగా ముందుకి జరగండి. వారానికి మూడు రోజులు చేసినా గుణం కనిపిస్తుంది. నాకు వేళ్ళు అందడానికి నాలుగు నెలలు పట్టింది.

అరసవల్లి సూర్యుడి గుడి పక్కనే ఉండి సూర్య నమస్కారాలు చెయ్యవా అంటారు మావాళ్ళు. చేస్తాను. కానీ మొదటి రెండు మూడు చుట్లు మోకాళ్ళు వంచే, నెమ్మదిగా. పరుగుకి ముందు మాత్రం నిమిషం పైన పట్టి ఉంచే స్ట్రెచ్‌లు వద్దు, కండ బలం కాసేపు తగ్గుతుంది. అప్పుడు కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుకుంటే చాలు.

ఒళ్ళు వంగడమే ఫిట్‌నెస్ అనుకోకండి. మా అమ్మ ఉభాలప్పుడు, అంటే వరి నాట్లప్పుడు, రోజంతా వంగి నాటేది, ఆవిడకి లేని వంపు ఎవరికుంది? అయినా నడుం నొప్పి తప్పలేదు. కాబట్టి వారానికి రెండు రోజులు గుంజీళ్ళలాంటివి కూడా కలపండి. పొట్ట తగ్గుతుందా అన్నారు, స్ట్రెచింగ్‌తో తగ్గదు. ఈ మోకాలి వెనక నొప్పి మాత్రం, వంగడం ఆపిన రెండు వారాలకి కూడా పోకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.