పరిశ్రమ సలహాలు: హైపో తయారీలో ముడిసరుకు ఎక్కడ వృథా అవుతోంది?

ప్రశ్న: మాది కర్నూలు శివార్లలో సోడియం హైపోక్లోరైట్ (హైపో అనే క్రిమినాశక ద్రావణం) తయారుచేసే చిన్న యూనిట్. 10 శాతం లభ్య క్లోరిన్ (సరుకు బలానికి కొలత) ఉన్న సరుకును ఆసుపత్రులకూ నీటి పథకాలకూ ఇస్తున్నాము. ఎండాకాలంలో బలం తగ్గిందని సరుకు తిరిగివస్తున్నందున 12 శాతానికి చేసి పంపుతున్నాము. కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) ఖర్చు మోయలేకపోతున్నాము. ఏమైనా ఉపాయం ఉందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు లై ధర గురించి అడిగారు గాని, మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 12 శాతం. హైపో ఎంత చిక్కగా ఉంటే అంత వేగంగా క్షీణిస్తుంది. 10 నుంచి 12కు పెంచితే ఆ వేగం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. అంటే మే నెలలో రేకుల షెడ్డు కింద ఉంచిన ట్యాంకులో మీరు అదనంగా పోసిన కాస్టిక్, క్లోరిన్ రెండూ చాలావరకు ఉప్పుగా, క్లోరేట్‌గా మారిపోతున్నాయన్నమాట. అందువల్ల లై పలచన చేసే పని సాయంత్రమే ముగించి, రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లవారుజామున క్లోరిన్ పట్టించండి. పలచన చేసినప్పుడూ వేడి పుడుతుంది, క్లోరిన్ కలిసినప్పుడూ పుడుతుంది. రెండు వేడులూ ఒకేసారి మీద పడకూడదు. ద్రావణం 35 డిగ్రీలు దాటకుండా చూసుకుని, తయారైన సరుకును నీడలో ఉంచి, వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి.

ఇక కాస్టిక్ లెక్క. 10 శాతం సరుకు ఒక టన్నుకు 100 కిలోల క్లోరిన్, దానికి సరిపోయేలా 113 కిలోల కాస్టిక్ కావాలి. సరుకు నిలకడగా ఉండడానికి మరో అర శాతం, అంటే 5 కిలోలు మిగులు ఉంచితే చాలు. భయం కొద్దీ 2 శాతం మిగిల్చేవారిని చూశాను. వారు టన్నుకు 15 కిలోల కాస్టిక్, అంటే 48 శాతం లైలో 31 కిలోలు, ఊరికే కొనుగోలుదారుకు ఇచ్చేస్తున్నారు. మిగులును వాసన చూసి నిర్ణయించడం మానండి. పిపెట్టుతో కొలిచిన నమూనాలో పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, బుడగలు ఆగి హైపో పూర్తిగా విరిగిన తర్వాత క్షారంలో గులాబీ రంగుకు తిరిగే ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసి, బలం తెలిసిన ఆమ్లాన్ని కొలిచి చుక్కచుక్కగా పోస్తూ టైట్రేట్ చేస్తే, గులాబీ రంగు పోయిన చోట లెక్క తేలుతుంది. అయితే మిగులును సున్నాకు దించే సాహసం మాత్రం చేయవద్దు: క్షారం అయిపోతే సరుకు గబగబా విరిగిపోతుంది, క్లోరిన్ బయటికి వస్తుంది, కూలీల ప్రాణాల మీదికి వస్తుంది.

రియాక్టరు దాటిపోయే క్లోరిన్‌ను రెండో టవరులోని కాస్టిక్‌తో పట్టి, ఆ ద్రావణాన్ని తరువాతి బ్యాచ్‌కు మొదటి విడత ద్రావణంగా వాడుకోవచ్చు. లై ట్యాంకుకు మూత తప్పనిసరి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాస్టిక్‌ను కార్బొనేట్‌గా మార్చేస్తుంది.

బోరు నీళ్లు కాస్టిక్‌ను తినేస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటి కాఠిన్యం (అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) తినే కాస్టిక్ టన్నుకు కొన్ని వందల గ్రాములే. అసలు నష్టం ఆ నీటిలోని ఇనుముతోనూ, స్టీలు పంపుల నుంచి వచ్చే నికెల్‌తోనూ. ఇవి రవ్వంత ఉన్నా హైపో ఆక్సిజన్‌గా విరిగిపోతుంది. ఆర్.ఓ. నీరు, పీవీసీ గొట్టాలు వాడితే మీ సరుకు తిరిగిరావడం తగ్గుతుంది.

ప్రశ్న: యర్రగుంట్ల ప్రాంతపు సున్నపురాయితో బ్లీచింగ్ పౌడర్ చేస్తే ఖర్చు కలిసివస్తుందా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ ప్రాంతపు రాయి సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లేదే. కాని సిమెంటుకు పనికొచ్చిన రాయి, కాల్చిన సున్నానికి క్లోరిన్ పట్టించి చేసే బ్లీచింగ్ పౌడర్‌కు పనికొస్తుందని చెప్పలేము. సిమెంటులో సిలికా అవసరం; ఇక్కడ అది క్లోరిన్ పట్టని బరువు మాత్రమే. మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) ఎక్కువైతే పొడి తేమ పీల్చుకుని త్వరగా బలం కోల్పోతుంది. క్వారీలో ఒక్కో పొర ఒక్కో తీరుగా ఉంటుంది గనుక, నాలుగైదు చోట్ల తీసిన నమూనాలను విడివిడిగా పరీక్ష చేయించిన తర్వాతే బేరం మాట్లాడండి.