ఫోటో, సినిమా ఎలా పుట్టాయో ఇంట్లోనే పిల్లలకు చేసి చూపించాలంటే

ఫోటో, సినిమా ఎలా పుట్టాయో తెలిసేలా మీ ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు ఇద్దరూ కలిసి ఇంట్లో చేయగలిగే పనులు ఏవని అడిగారు. మా పిల్లలతో చేసిన అనుభవంతో చెబుతున్నాను: ముందు బొమ్మను చూడనివ్వండి, తర్వాత దాన్ని నిలబెట్టండి, ఆఖర్న కదిలించండి. నిజానికి కదిలే బొమ్మల ఆటవస్తువులు ఫోటో జనంలోకి రావడానికి కాస్త ముందే వచ్చాయి. అయినా పిల్లల్లో ప్రశ్నలు పుట్టేది ఈ వరుసలోనే.

ఎక్కువ సమయం చీకటి గదికే ఇవ్వండి. బయట బాగా ఎండ ఉన్నప్పుడు కిటికీని నల్ల అట్టతో పూర్తిగా మూసి, చిటికెన వేలు దూరేంత బెజ్జం పెట్టండి. ఎదురుగా తెల్ల దుప్పటి పట్టుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి. తర్వాత బయటి చెట్టు, దారిన పోయే మనుషులు రంగులతో సహా తలకిందులుగా కనిపిస్తారు. వెలుగు నేరుగానే ప్రయాణిస్తుంది కాబట్టి చెట్టు కొన నుంచి వచ్చింది కిందికి, మొదలు నుంచి వచ్చింది పైకి పడుతుంది. బెజ్జం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది కానీ వెలుగు తగ్గుతుంది. పెద్దదైతే వెలుగు ఎక్కువ, అంచులు చెదురుతాయి. అట్టలు మార్చి ఈ తేడాను పిల్లలనే కనిపెట్టనివ్వండి. బెజ్జంలోంచి సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి.

‘దీన్ని దాచుకోలేమా?’ అని మా అమ్మాయి అడిగింది. అప్పుడు సయనోటైప్ కాగితం, అంటే ఎండ తగిలిన చోట నీలం అచ్చు పడే పూత కాగితం తీశాను. 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాదే వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కల అచ్చులతో పుస్తకం తేవడం మొదలుపెట్టింది. రసాయనాలు కలపకుండా, పూత పూసిన కాగితమే కొనండి. మీద ఆకు పరిచి, గాజుపలక పెట్టి ఎండలో ఉంచి, రంగు మారాక నీళ్లతో కడగండి. వెలుగు తగలని చోట పూత కొట్టుకుపోయి, నీలం మధ్య ఆకు తెల్లగా మిగులుతుంది. ఫెర్న్ లాంటి సన్నని ఆకులైతే చాలా అందంగా వస్తాయి.

కదలికకు జోట్రోప్, అంటే తిప్పితే బొమ్మలు కదిలినట్టు చూపే డబ్బా చేయండి. గుండ్రటి నల్ల డబ్బా పైఅంచు చుట్టూ 12 సన్నని చీలికలు కోసి (కోత పని పెద్దవాళ్లదే), లోపల 12 బొమ్మల పట్టీ పెట్టి తిప్పాలి. చీలికల్లోంచి చూస్తే బొమ్మ కదులుతుంది. పైనుంచి చూస్తే అలుక్కుపోయిన గీతలే. ఈ రెండూ చూపిస్తేనే చీలికల పని ఏమిటో అర్థమవుతుంది. 11 బొమ్మలే పెడితే బొమ్మలు డబ్బా చుట్టూ జరిగిపోతున్నట్టు కనిపిస్తాయి. బాబుకు ఇది తప్పక నచ్చుతుంది.

చివరికి బాబు గెంతుతుండగా వరుసగా ఫోటోలు తీసి, చిన్నగా ముద్రించి అదే పట్టీ మీద అంటించండి. 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన గుర్రప్పరుగు చిత్రాలను కూడా అప్పట్లో జోట్రోప్‌లో పెట్టి చూశారు.