మినహాయింపు లేని నీతి సూత్రం ఉంటుందా?

నీతి సూత్రాల గురించి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఈసారి ఒకచోట చేర్చాము.

ప్రశ్న: నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్‌కు రైతుల సరుకు అమ్మిపెట్టే) దుకాణంలో గుమాస్తాను. మిర్చి సీజన్‌లో ఒక రోజు పొద్దున్నే మా సేటు, రేపు కొనేవాళ్లు ఎక్కువమంది వస్తున్నారని, ధర పెరుగుతుందని నాతో చెప్పి, ఈ మాట బయటికి పొక్కకూడదని మాట తీసుకున్నారు. జెండా పాటకు (మార్కెట్‌లో ఆ రోజు ధర తేల్చే వేలానికి) ముందు మా పక్క ఊరి రైతు వచ్చి, "ఇయ్యాల్నే అమ్ముకోమంటవా, రేపటిదాంక ఆగుమంటవా?" అని అడిగాడు. "నాకేం ఎరుక లేదు" అన్నాను. అతడు ఆ రోజే అమ్ముకొని వెళ్లాడు, మర్నాడు ధర పెరిగింది. డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, అబద్ధం ఎప్పుడైనా తప్పేనని, దానికి మినహాయింపు లేదని అంటున్నాడు. మరి సేటుకిచ్చిన మాట తప్పితే అది తప్పు కాదా? మినహాయింపు లేని సూత్రమంటూ ఒకటుందా, లేక అంతా ఎవరి వీలు వారిదేనా?
— ఒక గుమాస్తా, వరంగల్

జవాబు: మీ చివరి వాక్యంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒక సూత్రానికి మినహాయింపు ఉందనడం ఒకటి. తప్పొప్పులు ఎవరికి తోచినట్లు వారు తేల్చుకోవచ్చుననడం మరొకటి. నిండు ప్రాణం కాపాడటానికి అబద్ధమాడవచ్చునని చెప్పేవాడు, ఆ స్థితిలో ఎవరున్నా అదే సరైనదని చెబుతున్నాడే తప్ప, అది తన ఇష్టమని చెప్పడం లేదు. ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే చాలా మంది, ఒక్క మినహాయింపు ఒప్పుకుంటే నీతి అంతా కూలిపోతుందని భయపడుతుంటారు.

మీ అబ్బాయికి వత్తాసుగా జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఉన్నాడు. ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ లేవనెత్తిన అభ్యంతరానికి జవాబుగా 1797లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడు "అతడు నీ ఇంట్లో ఉన్నాడా?" అని అడిగినప్పుడు సైతం అబద్ధమాడే హక్కు మనకు లేదని ఆయన వాదించాడు. అబద్ధం ఒక మనిషికి మాత్రమే కాక, మాట మీద లోకం పెట్టుకున్న నమ్మకానికే హాని చేస్తుందని ఆయన అభిప్రాయం. పైగా ఫలితం మన చేతిలో ఉండదు: మీరు "లేడు" అన్న సమయానికి ఆ స్నేహితుడు పెరటి దారిన వెళ్లిపోయి ఉంటే, మీ అబద్ధం వల్ల వెనుదిరిగిన హంతకుడికి అతడు వీధిలోనే ఎదురుపడవచ్చు. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేము. అయినా, గుమ్మంలో కత్తి పట్టుకొని నిలబడ్డవాడికి నా నుంచి నిజం రాబట్టుకునే హక్కు ఎక్కడిదో కాంట్ నన్ను ఒప్పించలేకపోయాడు.

మన పురాణేతిహాసాల్లో ఇదే చిక్కు రెండు చోట్ల రెండు విధాలుగా తేలింది. గాండీవాన్ని మరొకరికి ఇచ్చేయమన్నవాణ్ణి చంపుతానని ఒట్టు పెట్టుకున్న అర్జునుడు, సాక్షాత్తు ధర్మరాజే ఆ మాట అనేసరికి అన్న మీదికే కత్తి దూశాడు. కర్ణపర్వంలోని ఈ సందర్భంలో కృష్ణుడు అతనికి కౌశికుడి కథ చెబుతాడు. ఎన్నడూ అబద్ధమాడనని వ్రతం పట్టిన ఆ తాపసి, దొంగలకు భయపడి అడవిలో దాక్కున్నవారి జాడను ఉన్నదున్నట్లు చెప్పి, వారి చావుకు కారణమై, నరకానికి పోయాడు. రెండో చోటు మన బమ్మెర పోతన భాగవతంలోని వామన చరిత్ర. ప్రాణానికి, ధనానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని, పాపం అంటదని శుక్రాచార్యుడు చెప్పినా, బలి చక్రవర్తి "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అని తేల్చేశాడు. ఒకరు సత్యం పలికి నరకానికి పోగా, మరొకరు అదే సత్యం కోసం సర్వస్వం పోగొట్టుకొని కీర్తి పొందడం మొదటి చూపుకు పొసగనట్లు కనిపిస్తుంది. అయితే కౌశికుడు తన వ్రతం కోసం ఇతరుల ప్రాణాలు పణంగా పెట్టాడు, బలి చక్రవర్తి పణంగా పెట్టింది తన సొంత రాజ్యాన్నే. శుక్రుడి జాబితాలో ప్రాణం పక్కనే ధనం వచ్చి కూర్చోవడం గమనించండి. మినహాయింపులు జారేది సరిగ్గా అక్కడే; ఎదుటివాడి ప్రాణం కోసం తెరిచిన తలుపులోంచి మన డబ్బు సంచి కూడా వెళ్లిపోతుంది.

ఇక మీ సంగతికి వస్తాను. స్కాట్లాండ్ తత్త్వవేత్త డబ్ల్యు. డి. రాస్ 1930లో చెప్పిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: నిజం చెప్పడం, మాట నిలుపుకోవడం, ఇతరులకు హాని చేయకపోవడం వంటి బాధ్యతలు దేనికవే నిజమైనవి, అవి ఢీకొన్నప్పుడు ఆ సందర్భంలో ఏది బరువైనదో చూసుకోవాలి, ఓడిపోయిన బాధ్యత మాయమైపోదు, దాని బాకీ మన మీద మిగిలే ఉంటుంది. మీ సేటు అడిగింది గోప్యత. గోప్యతకు మౌనం చాలు, అబద్ధం అక్కర్లేదు. "ఆ మాట నన్ను అడగకు" అని ఉంటే ఇచ్చిన మాటా నిలిచేది, నిజమూ నిలిచేది. గుమాస్తా అలా అన్నాడంటే విషయం ఉందని రైతు పసిగడతాడని మీరు అనవచ్చు. పసిగట్టనివ్వండి.

అసలు ఆ గోప్యతకే న్యాయం ఉందా అన్నది నా అనుమానం. మీరు రోజూ రాసే తక్‌పట్టీని, అంటే రైతుకిచ్చే లెక్క చీటీని, ఒకసారి చూడండి. హమాలీ, దడువాయి (తూకం వేసే మనిషి) ఖర్చులతోపాటు అడ్తి కమీషన్ కూడా రైతుకు రావలసిన సొమ్ములోంచే కోస్తే, మీ దుకాణం అతని సరుకు అమ్మిపెట్టడానికి అతని దగ్గరే కూలి తీసుకుంటున్నట్లు లెక్క. ఎవరి సరుకును అమ్మిపెడుతున్నారో ఆ మనిషి దగ్గరే ధర సంగతి దాచిపెట్టమని కోరే హక్కు మీ సేటుకు లేదు, కాబట్టి మీరిచ్చిన మాటకు మీరు అనుకున్నంత బరువూ లేదు. ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే, నేను దాన్ని చిన్నచూపు చూడను; కాని అది మీ మీద నింద తగ్గిస్తుందే తప్ప, చేసిన పనిని ఒప్పు చేయదు. ఆ రైతు మళ్లీ వచ్చినప్పుడు ఆ రోజు మీకు తెలిసి కూడా చెప్పలేదని చెప్పడం, మీ మీద మిగిలిన బాకీ.

ప్రశ్న: నేను సింగరేణిలో రిటైరయ్యాను. భూగర్భ గనిలోకి దిగేముందు అగ్గిపెట్టె, బీడీ ఉన్నాయేమోనని అందరినీ తడిమి చూసేవారు, మేనేజరుకు కూడా మినహాయింపు ఉండేది కాదు. నీతి కూడా ఇంత కచ్చితంగా ఎందుకు ఉండకూడదు?
— ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: కొన్ని సూత్రాలు ఉండవచ్చు, ఉండాలి కూడా. బొగ్గు గనుల్లో వెలువడే మీథేన్ వాయువుకు రంగు, వాసన లేవు. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. "ఇక్కడ ఏమీ కాదులే" అని మనిషి తన అంచనాను నమ్ముకోలేని చోటు గనుకనే అక్కడ సూత్రం బిగుతుగా ఉంది. పైగా అగ్గిపెట్టె లేనందువల్ల ప్రాణం పోయే సందర్భం అక్కడ ఊహకు అందదు.

చిత్రహింసలపై నిషేధం నా దృష్టిలో ఇదే కోవలోకి వస్తుంది. 1984 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక, యుద్ధమైనా, అత్యవసర పరిస్థితి అయినా, మరే అసాధారణ స్థితి అయినా చిత్రహింసకు సాకు కాదని రెండో అధికరణంలోనే చెప్పింది (మన దేశం 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు). బాంబు ఎక్కడ పెట్టాడో చెప్పించడానికి కొట్టవచ్చు కదా అని అడిగేవారుంటారు. చేతికి చిక్కినవాడు దోషేనని, అతనికి తెలుసునని, కొడితే నిజమే చెబుతాడని ఆ గదిలో తీర్మానించేది కోపంతో, తొందరతో ఉన్న మనిషే; ఆ క్షణంలో అతని అంచనాను ఎవరూ నమ్మకూడదు. ఇంకొక సౌలభ్యం కూడా ఉంది. "చేయవద్దు" అనే నిషేధాలన్నింటినీ ఒకేసారి పాటించవచ్చు, ఎందుకంటే ఊరకుండటం ఎప్పుడూ మన చేతిలోనే ఉంటుంది. "సాయం చేయి" వంటి ఆదేశాలను అలా పాటించలేము. ఇద్దరు మునుగుతుంటే మన చేతికి ఒక్కరే అందవచ్చు. అందుకని మినహాయింపు లేని సూత్రాలు ఉంటే, అవి చాలావరకు నిషేధాల్లోనే దొరుకుతాయి. అబద్ధం విషయంలో మాత్రం కౌశికుడి కథ అడ్డుపడుతుంది.

ప్రశ్న: మేనరికం మనకు ఒప్పు, ఉత్తరాదిలో చాలాచోట్ల తప్పు. ఆచారాన్ని బట్టి మారేదాన్ని నీతి అనడం ఎందుకు?
— ఒక విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి కాబట్టి సరైన అభిప్రాయమే లేదనడం తర్కానికి నిలవదు. మేనరికం వంటివి చాలావరకు ఆచారాలే, వాటిని ఆచారాలుగానే వదిలేయవచ్చు. మీ జిల్లా పల్లెల్లో జోగినీ పద్ధతి కూడా ఒకప్పుడు ఆచారమే కదా. ఊరి ఆచారమే నీతి అయితే, దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేసినవారు నీతి తప్పినవారు అవుతారు, ఆడపిల్లలను దేవత పేరిట ఊరికి వదిలేసినవారు నీతిమంతులు అవుతారు. అది మీరూ ఒప్పుకోరనుకుంటాను.