ముక్కు ఆపరేషన్ తర్వాత ఊపిరి సరిగా ఆడటం లేదు, రెండోసారి చేయించుకోవాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిది నెలల కిందట ముక్కు దూలం మీది ఎత్తు తగ్గించుకోవడానికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఇప్పుడు ముక్కు కొన గట్టిగా పట్టేసినట్టు ఉంది, దాని ఆకారం నచ్చడం లేదు, రాత్రిళ్లు ఒక పక్క ఊపిరి ఆడటం లేదు. చేసిన డాక్టరు అంతా బాగానే ఉందంటున్నారు. వెంటనే రివిజన్, అంటే సరిదిద్దే రెండో ఆపరేషన్ చేయించుకోవాలా, ఆగాలా అన్నది మీ ప్రశ్న. నేను డాక్టరును కాను. కానీ ఇదే బాధ పడి, 2019లో ఒకసారి, 2021లో రెండోసారి ఆపరేషన్ బల్ల ఎక్కినదాన్ని.

నా మాట ముందే చెబుతాను. ఇప్పుడే చేయించుకోకండి, అలాగని చేతులు కట్టుకుని కూర్చోకండి. ఊపిరి సరిగ్గా ఎక్కడ ఆగుతోందో ఈ నెలల్లో తేల్చుకోండి. అది తేలకుండా రెండోసారి కత్తి పెట్టనివ్వకండి.

మా నాన్నగారి వైపు వాళ్లందరికీ దూలం మధ్యలో చిన్న గూను ఉంటుంది. నాకూ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, నా సొంత జీతంతో దాన్ని తీయించుకున్నాను. మొదటి మూడు నెలలు వాపు అనుకుని సరిపెట్టుకున్నాను. ఆరో నెల దాటాక అసలు సంగతి బయటపడింది. నెమ్మదిగా పీలిస్తే గాలి ఆడేది. మెట్లెక్కి ఆయాసంతో గట్టిగా పీల్చగానే ఎడమ పక్క లోపలికి అంటుకుపోయేది. నోరు తెరిచి పడుకుంటే తెల్లవారేసరికి నాలుక అట్టలా ఎండిపోయేది. పొయ్యి మీద పోపు మాడుతున్నా వాసన తెలియని రోజులు ఉన్నాయి. ఒక దగ్గరి బంధువు మా అమ్మ ముందే ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నారు. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. అందం కోసం వెళ్లారు కాబట్టి బాధ పడే హక్కు లేదని మీతో ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఊపిరి ఆడకపోవడం ఎవరికైనా జబ్బే.

మీలాగే నేనూ ఎనిమిదో నెలలోనే రెండో ఆపరేషన్‌కు తొందరపడ్డాను. అది 2020 లాక్‌డౌన్ కాలం. ఫోనులో వీడియో ద్వారా మాట్లాడిన ఒక డాక్టరు నా ఫొటోలు చూసి, ముక్కులోపల చూడకుండానే, ఆసుపత్రులు తెరవగానే చేసేద్దామన్నారు. లాక్‌డౌన్ వల్ల అది జరగలేదు. జరగకపోవడమే నాకు మేలయింది. ఎందుకంటే ఎనిమిదో నెలలో రాయిలా ఉన్న కొన పద్నాలుగో నెలకు చాలావరకు మెత్తబడింది. ముక్కులో వాపు అన్నిటికన్నా ఆఖరున దిగేది కొనలోనే. చర్మం మందంగా ఉన్నవాళ్లకు ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. కనీసం ఏడాది ఆగమని డాక్టర్లు చెప్పేది అందుకే. లోపల గాయపు కణజాలం ఇంకా ముదురుతున్నప్పుడు కోస్తే ఏది వాపో, ఏది లోపమో సర్జన్‌కు కూడా తేలదు. అయితే ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. ఎర్రబడి నొప్పి పెరగడం, చీము, జ్వరం, లోపల పెట్టిన సిలికాన్ చర్మం కింద తేలినట్టు కనిపించడం, దూలం ఉన్నట్టుండి కుంగిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల మోగితే ముక్కు రెండు పక్కలనూ వేరుచేసే మధ్య గోడకు రంధ్రం పడి ఉండవచ్చు, అదీ త్వరగా చూపించుకోవాలి.

లాక్‌డౌన్ సడలాక కలిసిన మూడో డాక్టరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన ముందు ముక్కును అసలు తాకలేదు. ‘మామూలుగా ఊపిరి తీసుకోమ్మా’ అని ఒక నిమిషం ఊరికే చూశారు. తర్వాత ఎడమ చెంపను రెండు వేళ్లతో చెవి వైపు మెల్లగా లాగి, ‘ఇప్పుడు పీల్చు’ అన్నారు. చల్లగాలి గొంతు దాకా దూసుకుపోయింది. వేళ్లు తీశారు, ఆగిపోయింది. చెంప లాగితే ఏ ఇబ్బందీ లేనివాళ్లకు కూడా కొంత తేలిక అనిపిస్తుందట, అందుకని ఆయన దానితో సరిపెట్టుకోలేదు. సన్నని పుల్లను ముక్కు పక్క గోడకు లోపలి నుంచి, కింద ఒకచోట ఆనించి పీల్చమన్నారు, తేడా రాలేదు. ఇంకాస్త పైన, దూలం కింద ఆనించారు. మళ్లీ అదే చల్లగాలి. ‘ఇక్కడమ్మా’ అన్నారు. ఏడాదిగా అంతా నా భ్రమేనని వింటూ వచ్చినదాన్ని, ఆ కుర్చీలోనే ఏడ్చేశాను.

ఆయన కాగితం మీద గీసి చూపించింది ఇది. దూలం కింద రెండు పక్కలా రెండు మృదులాస్థి (మెత్తటి ఎముకలాంటిది) రేకులు ఉంటాయి, మధ్య గోడకు అతుక్కుని. ఆ రేకుకూ గోడకూ మధ్య ఉండే ఇరుకు సందును నేసల్ వాల్వ్ అంటారు. ఆ కోణం మామూలుగానే పది పదిహేను డిగ్రీలకు మించదు. గూను తీసేటప్పుడు ఆ రేకులు గోడ నుంచి విడిపోతాయి. తిరిగి ఆసరా ఇవ్వకపోతే లోపలికి జారి, ఉన్న సందు కాస్తా మూసుకుంటుంది. నా మధ్య గోడ నిటారుగానే ఉంది, కాబట్టి మొదటి డాక్టరు ‘గోడ బాగుంది’ అన్నది అబద్ధం కాదు. ఆయన సందు చూడలేదు, అంతే. మీ డాక్టరు ‘అంతా బాగుంది’ అన్నప్పుడు దేన్ని చూసి అన్నారో అడగండి. గోడ వంకర, లోపలి కండల వాపు, వాల్వ్ ఇరుకు, ఈ మూడూ వేరువేరు, వైద్యాలూ వేరు.

ఇక్కడ ఒక తప్పు నాది కూడా ఉంది. నిద్ర పట్టక ప్రతి రాత్రి ఓట్రివిన్ చుక్కలు వేసుకునేదాన్ని, నెలల తరబడి. అలాంటి చుక్కలు కొన్ని రోజులకు మించి వాడితే అవే ముక్కు దిబ్బడను తెచ్చిపెడతాయి. డాక్టరు ముందు అవి మాన్పించి, ఉప్పునీటి కడుగుడు, ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చి, రెండు నెలల తర్వాత రమ్మన్నారు. కుడి పక్క పూర్తిగా తెరుచుకుంది. ఎడమ పక్క మాత్రం అలాగే ఉంది. మీరూ చుక్కలు వాడుతుంటే ముందు ఆ లెక్క తేల్చుకోండి, దానికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు.

బాధను అంకెల్లో పెట్టుకోవడం కూడా ఆయనే నేర్పారు. దిబ్బడ, మూసుకుపోవడం, ఊపిరికి కష్టం, నిద్రకు ఇబ్బంది, శ్రమ పడినప్పుడు గాలి చాలకపోవడం, ఈ ఐదింటికీ గత నెలంతా ఎలా ఉందో సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసి, మొత్తాన్ని ఐదుతో హెచ్చించాలి. వందకు ఎంత వచ్చిందో చూడాలి. నాకు 75 వచ్చింది. నెలకోసారి వేసుకోండి. తగ్గుతూ వస్తుంటే ఆగడానికి ధైర్యం ఉంటుంది, కదలకుండా ఉంటే డాక్టరు ముందు పెట్టడానికి రుజువు ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. మొదటి ఆసుపత్రి నుంచి మీ ఆపరేషన్ నోట్స్ తెప్పించుకోండి. డిశ్చార్జి సమ్మరీ సరిపోదు, అందులో రెండు వాక్యాలే ఉంటాయి. లోపల ఏం కోశారు, ఏం తీశారు, ఎక్కడి నుంచి మృదులాస్థి వాడారు, ఏదైనా ఇంప్లాంట్ పెట్టారా అన్నది నోట్స్‌లోనే ఉంటుంది. రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆలస్యం చేయకండి, ఎందుకంటే ఆ నియమం ప్రకారం డాక్టరు రికార్డులు దాచాల్సింది చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్లే. నాకు ఆ కాగితం పక్కటెముక కోత తప్పించింది. రెండో ఆపరేషన్‌కు ఆసరా ముక్కలు కావాలి. అవి ముక్కు మధ్య గోడ నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో తీయాలి. మొదటిసారే గోడ నుంచి వాడేసి ఉంటే చాలామందికి పక్కటెముకే దిక్కు. నా గోడను మొదటిసారి ముట్టుకోలేదని నోట్స్‌లో స్పష్టంగా ఉంది.

రూపం గురించి కూడా ముక్కుసూటిగానే చెబుతాను. మీ ప్రశ్నలో ఊపిరి ఒక వాక్యంలో ఉంది, కొన ఆకారం నాలుగు వాక్యాల్లో ఉంది. తప్పని అనడం లేదు, నేనూ అలాగే ఉండేదాన్ని. రోజుకు పదిసార్లు ఫోను ముందు కెమెరాలో చూసుకునేదాన్ని. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు ఉన్నదానికన్నా వెడల్పుగా పడుతుంది. ఐదడుగుల దూరం నుంచి, ఒకే వెలుతురులో, నెలకోసారి ఇంకెవరితోనైనా తీయించుకుని పోల్చండి. ఆ ముక్కు తప్ప మరో ధ్యాస లేని స్థితి ఉంటే, ఆపరేషన్‌కన్నా ముందు మానసిక వైద్యులతో మాట్లాడండి. నేను మాట్లాడాను. నాకు ఏం కావాలో రెండు వాక్యాల్లో రాయగలిగింది ఆ తర్వాతే: ఎడమ పక్క ఊపిరి ఆడాలి, దూలం పక్కన పడిన నొక్కు పూడాలి. కొన జోలికి వెళ్లవద్దని నేనే చెప్పాను.

ఖర్చు మొదటిదానికన్నా బాగా ఎక్కువైంది, ఆపరేషన్ కూడా ఎక్కువసేపు పట్టింది. అందం కోసం చేసే సర్జరీని ఆరోగ్య బీమా ఇవ్వదు. వైద్యపరంగా అవసరమని డాక్టరు రాసిస్తే మినహాయింపు ఉంది కానీ, పాలసీలో ముక్కు గోడ సర్జరీకి వేచి ఉండే గడువు ఉందేమో చూసి, ముందుగానే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

2021 ఫిబ్రవరిలో, మొదటిది అయిన పదిహేడు నెలలకు చేయించుకున్నాను. గోడ నుంచి తీసిన రెండు సన్నని పట్టీలను సందులో ఆనించి కుట్టారు, ముక్కుపుటం పక్కకు చెవి నుంచి చిన్న ముక్క పెట్టారు. ముక్కుకన్నా చెవే ఎక్కువ నొప్పి పెట్టింది, పది రోజులు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. ఊపిరి తేడా మూడో నెలలో తెలిసింది. ఏడాదికి నా లెక్క 20కి దిగింది. సున్నా కాలేదు. నవ్వితే పైపెదవి పైన కాస్త బిగువుగా ఉంటుంది, ఎడమ రంధ్రం కుడిదానికన్నా వెంట్రుకవాసి పైకి ఉంటుంది. ముక్కుపుడక పెట్టుకోవడం మానేశాను, అక్కడ చర్మం కింద కొత్త ముక్క ఉంది కాబట్టి. మా అమ్మకు ఆ ఒక్కటే దిగులు.

నోట్స్ చేతికి వచ్చాక, లేదా ఆసుపత్రి వాళ్లు ఇవ్వమని అంటే, మళ్లీ ఇక్కడ రాయండి. నేను ఇచ్చిన ఉత్తరం నకలు నా దగ్గర ఉంది, మీ వివరాలకు తగ్గట్టు మార్చి ఇస్తాను.