నవల అచ్చు కోసం ఎఫ్‌డీ రద్దు చేసుకోవాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఉద్యోగం చేస్తూనే రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని టీనేజీ పిల్లల కోసం ఒక నవల రాశాను. సుమారు 70,000 పదాలు వచ్చింది. ఒక ప్రచురణ సంస్థకు పంపితే వారంలోనే ఒప్పుకున్నారు. ఎడిటింగ్, కవర్, ఐఎస్‌బీఎన్, కాపీరైట్ రిజిస్ట్రేషన్, ప్రచారం అన్నీ కలిపి ఒక ప్యాకేజీ అన్నారు. అది నా రెండు నెలల జీతం అవుతుంది. ‘నికర రాబడిపై 50 శాతం రాయల్టీ’ (రచయితకు వచ్చే వాటా) అని ఒప్పందంలో ఉంది. దాని కాపీ జతచేశాను. ఈ నెలాఖరులోగా కడితేనే ఈ రేటు అంటున్నారు. నా దగ్గర ఉన్నది అత్యవసరాల కోసం దాచిన ఎఫ్‌డీ ఒక్కటే. అది ఇంటి నాలుగు నెలల ఖర్చుకు సరిపోతుంది. పుస్తకం మీద వచ్చే డబ్బుతో దాన్ని మళ్లీ పూడ్చుకోవచ్చని నా ఆలోచన. మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకండి. రాయడం మాత్రం ఆపకండి. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు చూసుకుంటూ ఒక నవలను చివరిదాకా తీసుకురావడం చిన్న విషయం కాదు. ఈ తరహా నవలలు ఎక్కువగా 50,000 నుంచి 80,000 పదాల మధ్య ఉంటాయి కాబట్టి నిడివి విషయంలోనూ మీరు సరైన దారిలోనే ఉన్నారు.

ముందు ఆ 50 శాతం సంగతి చూద్దాం. వినగానే సగం మనదే అనిపిస్తుంది. కానీ సగం దేనిలో? పుస్తకం వెల 100 అనుకోండి. దుకాణాలు, పంపిణీదారుల వాటా 50 దాకా పోతుంది. అచ్చు ఖర్చు 30 అనుకుంటే మిగిలేది 20. ఇలాంటి ఒప్పందాల్లో ‘నికర రాబడి’ అంటే సాధారణంగా ఈ 20. అందులో సగం అంటే మీ చేతికి వచ్చేది 10. ఇప్పుడు మీ రెండు నెలల జీతంతో ఇలాంటి పుస్తకాలు ఎన్ని కొనొచ్చో లెక్కేయండి. 400 అనుకుందాం. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే 4,000 కాపీలు అమ్ముడుపోవాలి. అంతవరకు మీకు లాభం సున్నా. మీ దగ్గర పైసా తీసుకోకుండా వేసే ప్రచురణకర్తలు కూడా పేపర్‌బ్యాక్‌కు సాధారణంగా వెల మీద 7 నుంచి 10 శాతం ఇస్తారు. అంటే ఇంచుమించు అంతే డబ్బు, మీ ఎఫ్‌డీ కదలకుండానే.

ప్యాకేజీలోని మిగతా పద్దులూ చూశాను. ఐఎస్‌బీఎన్ అనేది పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే 13 అంకెల నంబరు. దాని వల్ల అమ్మకాలు పెరగవు. కాపీరైట్ అయితే మీరు రాసిన రోజే మీకు వచ్చేసింది. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నింటిలో ఇదే నియమం. రిజిస్ట్రేషన్ కొన్నిచోట్ల కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఉపయోగపడుతుంది. అంతే గానీ హక్కు దాని వల్ల పుట్టదు. ‘ప్రచారం’ అన్న పద్దు కింద ఏ పని, ఎప్పుడు, ఎంత ఖర్చుతో చేస్తారో ఒక్క ముక్క కూడా రాయలేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది హక్కుల క్లాజు. అన్ని భాషలు, అన్ని మాధ్యమాలు, కాపీరైట్ ఉన్నంత కాలం వాళ్లకే అని రాసి ఉంది. మీరే డబ్బు కట్టి, మీ నవలను జీవితాంతం వాళ్లకు రాసిచ్చేస్తున్నారన్నమాట. నెలాఖరు గడువు గురించి టెన్షన్ పడకండి. వచ్చే ఏడాదికి మీ నవల పాడైపోదు.

టీనేజీ పాఠకులు కోట్లలో ఉన్నారని వాళ్లు చెప్పి ఉంటారు. నిజమే, కానీ ఆ వయసు వాళ్ల చేతిలో సొంత డబ్బు తక్కువ. లైబ్రరీలో తీసుకుంటారు, స్నేహితుల దగ్గర అడిగి చదువుతారు. 2012లో అమెరికాలో పుస్తకాల మార్కెట్ వివరాలు సేకరించే బౌకర్ సంస్థ చేసిన అధ్యయనంలో 12 నుంచి 17 ఏళ్ల వారి కోసం వచ్చిన పుస్తకాలు కొన్నవారిలో 55 శాతం మంది 18 దాటినవారే అని తేలింది. అంటే పుస్తకం స్కూలు లైబ్రరీలకు, పెద్దవాళ్లు కొనే దుకాణాలకు చేరాలి. ఆ పంపిణీ బలం ఉన్న సంస్థలు సాధారణంగా రచయితను డబ్బు అడగవు.

ఇక మీ లెక్కలో నేను ఒప్పుకోలేని మాట ‘పూడ్చుకోవచ్చు’ అన్నది. సంగీతం నేర్చుకునేవారు ఫీజు కడతారు, కచేరీల మీద అది తిరిగొస్తుందని లెక్కేసుకోరు. మీ రాతకూ అలాగే ఒక ఖర్చు పద్దు పెట్టండి. ఇంటి ఖర్చులు, ఈఎంఐలు, బీమా, పొదుపు పోయాక మిగిలిన దాంట్లోంచి నెలకు జీతంలో 2 లేదా 3 శాతం వేరే ఖాతాలో వేయండి. ఇది తిరిగి వస్తుందని ఆశించని డబ్బు, కాబట్టి దీని గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పనిలేదు. మీవారితో ఈ అంకె ఒక్కటి ముందే మాట్లాడుకుంటే చాలు. ఆయన భయం ఎఫ్‌డీ గురించే అనుకుంటున్నాను, మీ నవల గురించి కాదు. నిజానికి నాలుగు నెలల నిల్వను ఆరుకు పెంచుకోవాలి.

ఆ ఖాతాలో డబ్బు చేరేలోపు ఖర్చు లేని పని ఒకటుంది. మీకు తెలిసిన నలుగురైదుగురు టీనేజీ పిల్లలకు, ముందు వాళ్ల పెద్దవాళ్లతో చెప్పి, నవల ఇవ్వండి. మీ సొంత పిల్లలకు మాత్రం వద్దు, అమ్మ రాసింది బాగోలేదని చెప్పలేరు. ఎలా ఉందని అడగకండి. ఏ పేజీ దగ్గర పక్కన పెట్టేశారో అడగండి. ముగ్గురు ఒకే అధ్యాయం దగ్గర ఆగితే అక్కడ మార్చాల్సింది ఉందన్నమాట. ఇంత విలువైన సలహా మీకు ఏ ప్యాకేజీలోనూ దొరకదు.

డబ్బు చేరాక మొదటి ఖర్చు ఎడిటర్‌కు. అది కూడా పూర్తి ఎడిటింగ్ కాదు, రాతప్రతి చదివి కథ ఎక్కడ కుంటుతోందో నివేదిక రాసిచ్చే పని. పూర్తి ఎడిటింగ్ కంటే బాగా తక్కువలో అవుతుంది. భాషాదోషాలు దిద్దించడానికి ఇప్పుడే ఖర్చు పెట్టకండి. ప్రచురణకర్త ఒప్పుకుంటే ఆ పని వాళ్లే చేయించుకుంటారు. రాయడానికి లిబ్రేఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

తర్వాత డబ్బు అడగని ప్రచురణ సంస్థలకు పంపండి. రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంట్ ద్వారా వెళితే, వచ్చిన ఆదాయంలో వాళ్లు సాధారణంగా 15 శాతం తీసుకుంటారు. చదవడానికే ఫీజు అడిగే ఏజెంట్ వద్దు. ఎవరూ తీసుకోకపోతే రచయితలే సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే అమెజాన్ కేడీపీ లాంటి చోట మీరే పెట్టుకోవచ్చు. అప్‌లోడ్ చేయడానికి ఫీజు లేదు. ఆర్డర్ వచ్చినప్పుడే కాపీ అచ్చవుతుంది, ఆ ఖర్చు మీ రాయల్టీలోంచి పోతుంది. హక్కులు మీ దగ్గరే ఉంటాయి. మంచి కవర్ కోసం డబ్బు పెట్టాల్సింది అప్పుడు.

రసీదులన్నీ ఒక కవర్లో దాచండి. హాబీ మీద వచ్చిన ఆదాయానికి పన్ను పడొచ్చు గానీ, చాలా దేశాల్లో హాబీ ఖర్చును జీతంలోంచి తగ్గించుకోనివ్వరు. కాబట్టి పన్ను ఆదా అవుతుందన్న లెక్కతో ఏదీ కొనకండి. ప్రచురణకర్తల జవాబుకు నెలలు పడుతుంది. ఈలోగా రెండో నవల మొదలుపెట్టండి.