అత్తగారి అల్విన్ ఫ్రిజ్జు, ఇంకో మూడు ఉత్తరాలు

ప్రశ్న: మా ఆయన పుట్టిన ఏడాది కొన్న అల్విన్ ఫ్రిజ్జు అండీ మాది, 165 లీటర్లు, ఇప్పటికీ ఐస్ గడ్డకడుతుంది. కరెంటు మాత్రం నెలనెలా 230 యూనిట్ల దగ్గర ఆగుతోంది. 200 లోపు వస్తే మాకు గృహజ్యోతి జీరో బిల్లు. ఫ్రిజ్జు మార్చేద్దామంటే మా అత్తయ్య "గుండ్రాయిలా ఉంది, దానికేమొచ్చింది" అంటున్నారు. ఎవరిది రైటు? – ఒక కోడలు, హన్మకొండ

జవాబు: ముందు అత్తయ్యగారి తరఫున ఒక మాట చెప్పనివ్వండమ్మా. అల్విన్ అంటే మన సనత్‌నగర్ సరుకు. ఆ కంపెనీ ఫ్రిజ్జులతో పాటు బస్సు బాడీలు, వాచీలు కూడా చేసింది, ఇప్పుడు ఆ పేరు అల్విన్ కాలనీ, అల్విన్ చౌరస్తా బోర్డుల మీదే మిగిలింది. నేను రిపేరు షాపులో పనిచేసిన రోజుల్లో అల్విన్ వచ్చిందంటే ఇద్దరం పట్టుకుంటే గానీ ఆటోలోంచి దిగేది కాదు, అంత మందం రేకు. కాబట్టి గుండ్రాయి అన్న మాటలో తప్పేం లేదు. కాకపోతే చల్లబడటం వేరు, చల్లబడటానికి ఎంత కరెంటు తాగుతోందన్నది వేరు, గొడవంతా అక్కడే.

అది తేల్చుకోడానికి నా మాట కూడా అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ప్లగ్ మీటర్ అని దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలు, ఫ్రిజ్జు ప్లగ్గు దానికి పెట్టి ఒక వారం వదిలెయ్యండి. అది కొనడం ఎందుకనుకుంటే ఊరెళ్లేటప్పుడు ఫ్రిజ్జు తప్ప అన్నీ ఆపేసి, ఇంటి మీటరు రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి, వచ్చాక మళ్లీ ఒక ఫొటో. మా పెద్దమ్మ ఇంట్లో ఇలాంటి పాతదానికే చూస్తే రోజుకి 2 యూనిట్లు దాటింది, అంటే నెలకి 60 పైన. కొత్త సింగిల్ డోర్‌లో స్టార్ స్టిక్కర్ మీద ఏడాది మొత్తానికి 150 లోపు యూనిట్లు రాసి ఉన్నవి దొరుకుతున్నాయి, అంటే నెలకి 12, 13. స్టిక్కర్ లెక్క ల్యాబ్‌లో తీసింది, మన వంటింటి సెగకి, పిల్లలు గంటకోసారి తలుపు తీసి నిలబడి చూడటానికి ఇంకొంచెం కలుపుకోండి. అయినా మీదీ మా పెద్దమ్మ దాని లాగే తాగుతుంటే నెలకి 40, 50 యూనిట్లు తేడా వస్తుంది.

ఇప్పుడు మీ బిల్లు చూద్దాం. తెలంగాణలో 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది, మొదటి 200కి 5.10 చొప్పున, ఆ పైన 7.70. మీ 230 యూనిట్లకి ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండానే 1,251 రూపాయలు. అదే 180కి దిగితే పథకం లేనివాళ్లకి 724, మీలాంటి వాళ్లకి సున్నా. 50 యూనిట్లకి ఇంత తేడా ఎందుకంటే ఆ 50 గీతకి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి.

కొనే ముందు ఒక పని చెయ్యండి, తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగండి, జారి వచ్చేసిందంటే రబ్బరు పోయినట్టే. ఫ్రీజర్లో ఐస్ వేలు మందం పేరుకున్నా, కంప్రెసర్ ఆగకుండా గుర్రుమంటూనే ఉన్నా కరెంటు అక్కడే పోతోంది. వయసు తక్కువ ఫ్రిజ్జయితే రబ్బరు, థర్మోస్టాట్ మార్చి ఇంకొన్నాళ్లు లాగించమనేవాణ్ణి, మీదానికి మాత్రం చెప్పను, గోడల్లో ఇన్సులేషన్ కూడా ఈపాటికి పాడైపోయుంటుంది.

ఇంకోటి, అసలు భయం నాకిదే. కొత్తది వంటింట్లోకొస్తుంది, పాతది "మంచినీళ్లకి ఉంటుందిలే" అని వరండాలో ప్లగ్గుకి తగిలిస్తారు. అప్పుడు మీ మీటరు 240 చూపిస్తుంది, అత్తయ్యగారు "చూశావా, కొత్తది వచ్చాకే పెరిగింది" అంటారు, ఆ మాటకి మీ దగ్గర జవాబుండదు.

ప్రశ్న: పాత సామాన్లు కొనే అతను మా ఫ్రిజ్జుకి 1,200 ఇస్తానని మా గేటు దగ్గరే పైపు కోశాడు, బుస్సుమని గ్యాస్ పోయింది. ప్రమాదమా? – తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మీకైతే ఏం కాదు మాస్టారూ, ఆరుబయట కదా. ఆ బుస్సు నేను కొన్ని వందలసార్లు విన్నాను, సిగ్గు విడిచి చెప్తున్నా, షాపులో మేమే వదిలేవాళ్లం. పైపు చివర కొంచెం నూనె చిమ్మేది, గుడ్డతో తుడిచి కొత్త గ్యాస్ ఎక్కించేవాళ్లం, పోయింది ఏంటని ఎవరూ అడగలేదు.

మీది బాగా పాతదైతే పోయింది ఆర్-12 అనే చల్లబరిచే గ్యాస్ అయ్యుంటుంది, సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) జాతి. ఓజోన్ పొరని తినేది అదే, దాన్ని ఆపడానికే 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, మనదేశం 1992లో చేరింది, 2003 జనవరి నుంచి కొత్త ఫ్రిజ్జుల్లో సీఎఫ్‌సీ వాడకూడదన్నారు. అంటే అంతకు ముందు కొన్నవాటిలో చాలావరకు ఆ గ్యాసే. వేడి పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 10,000 రెట్లు, ఫ్రిజ్జులో ఉండేది ఓ 100 గ్రాములే అనుకున్నా ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు లెక్క. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ని ముట్టుకోదు గానీ వేడి విషయంలో అదీ వెయ్యి రెట్లు పైనే. ఇప్పటి ఆర్-600ఎ రెండిటికీ మంచిదే, కాకపోతే మండుతుంది, అంటే వంట గ్యాస్‌కి చుట్టమే. కంప్రెసర్ స్టిక్కర్ మీద 600ఎ అని ఉంటే దగ్గర్లో గ్యాస్ కటింగ్ మంట పెట్టనివ్వకండి.

మీరు చూడనిది ఇంకోటుంది. పాత ఫ్రిజ్జు గోడల్లో ఉండే పసుపు ఫోమ్ కూడా సీఎఫ్‌సీతో ఉబ్బించిందే, చాలావాటిలో పైపుల్లో ఉన్నదానికన్నా ఫోమ్‌లో ఉన్న గ్యాసే ఎక్కువ. స్క్రాప్ షాపులో రాగి, ఇనుము, అల్యూమినియం తీసుకుని ఫోమ్‌ని ఖాళీ స్థలంలో పారేస్తారు, లేదా తగలబెడతారు. సరైన ప్లాంట్లో అయితే ముందు గ్యాస్, నూనె పీల్చేస్తారు, తర్వాత మూసిన గదిలో నుజ్జు చేసి ఫోమ్‌లోంచి వచ్చే గ్యాస్ కూడా పట్టేస్తారు, ఆ పైన ఇనుముని అయస్కాంతంతో లాగేస్తారు.

మన దగ్గర రూల్స్ ఉన్నాయి, లేక కాదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ఫ్రిజ్జు కూడా ఉంది, తయారుచేసిన కంపెనీలు ఇన్ని టన్నులని రీసైక్లింగ్ చేయించాల్సిందే. కాబట్టి ఇంకెవరైనా అడిగితే చెప్పండి, కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి "పాతది ఎక్కడివ్వాలి" అని అడగమనండి, లేదంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కి ఇచ్చి రసీదు తీసుకోమనండి. డబ్బులు 1,200 కన్నా తక్కువే రావచ్చు, అది దాచను. ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే షోరూం వాళ్లని "ఇది ఎటు పోతుంది" అని అడగండి, చాలాసార్లు రంగు కొట్టి ఏ హాస్టల్‌కో అమ్ముతారు, అక్కడ మళ్లీ అదే కరెంటు తాగుతుంది.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. గరాజ్‌లో పాత ఫ్రిజ్ ఉంది, ఆవకాయ, పార్టీకి మిగిలిన పులిహోర, డ్రింకులు పెడతాం. ఉంచాలా తీసెయ్యాలా?

జవాబు: ఆవకాయకి ఫ్రిజ్జెందుకండీ, జాడీలో పెట్టండి! జూలైలో మీ గరాజ్‌లో మనిషే నిలబడలేడు, ఆ ఫ్రిజ్జు రోజంతా పరిగెడుతూనే ఉంటుంది. అక్కడ పాత ఫ్రిజ్జుల్లోని రిఫ్రిజిరెంట్‌ని, అంటే చల్లబరిచే గ్యాస్‌ని, గాల్లోకి వదలడం చట్టరీత్యా నేరం, ఫోమ్‌తో సహా రీసైకిల్ చేసేవాళ్లతో పర్యావరణ సంస్థ ఈపీఏ 2006లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కొన్ని కరెంటు కంపెనీలైతే పనిచేస్తున్న పాత ఫ్రిజ్జుని ఇంటికొచ్చి తీసుకెళ్లి ఎదురు డబ్బులిస్తాయి, మీ కంపెనీ సైట్లో చూడండి. పనిచేస్తుండగానే ఇవ్వాలి, చచ్చిపోయాక చాలాచోట్ల తీసుకోరు. పార్టీ రోజుకి ఐస్ డబ్బా చాలు.

ప్రశ్న: చెడిపోయిన ఫ్రిజ్జుని బియ్యం, పప్పులు పెట్టుకునే బీరువాలా వాడుకోవచ్చా? – కర్నూలు

జవాబు: వాడుకోవచ్చు, బయటి పురుగు, ఎలుక దూరవు. ముందు మెకానిక్‌తో గ్యాస్ తీయించండి, సిలిండర్లోకి లాగే మెషిన్ ఉన్నవాడితోనే, పైపు కోసేవాడితో కాదు. తర్వాత తలుపు సంగతి. పాతవాటికి హ్యాండిల్ కొక్కెం, తాళం ఉండేవి, దాగుడుమూతల్లో పిల్లలు లోపల దూరితే బయటకి రాలేరు, ఊపిరాడదు. అమెరికాలో ఇలా పిల్లలు పోయాకే 1956లో లోపల్నుంచి తోస్తే తెరుచుకునే తలుపు ఉండాలని చట్టం చేశారు. మీది కొక్కెం రకమైతే ఆ కొక్కెం, తాళం రెండూ ఊడబీకించండి. పిల్లలున్న ఇల్లయితే తలుపే తీసేసి కర్టెన్ కట్టుకోండి, అప్పుడు ఎలుక దూరుతుంది మరి, బియ్యం డబ్బాల్లో పోసుకోవాలి.